తెల్లెముక దొరికినవాడు

పొయ్యి మీద బూడిద కప్పేశారు కాబోలు, పిడకల పొగ సన్నబడింది, ఇక ఈ కొండ మేత మీద ఎక్కడా వెలుతురు ఉండదు, ఉన్నా లేకపోయినా ఒకటే, గుడ్డికన్ను తెరిస్తేనేం మూస్తేనేం అని అమ్మ ఊరికే అంటూ ఉండేది, అప్పుడది సామెత, ఇప్పుడు తన సంగతి, కాదు, తను గుడ్డివాడేమీ కాదు, పగలు కనిపిస్తుంది, బాగానే కనిపిస్తుంది, బాగానే అంటే గొట్టంలోంచి చూసినట్టు, ఎదురుగా ఉన్న గొర్రె కనిపిస్తుంది, దాని పక్కన ఇంకో గొర్రె ఉందో లేదో మెడ తిప్పితే గాని తెలియదు, పొద్దు వాలగానే ఆ గొట్టానికి కూడా ఎవరో మూత బిగించేస్తారు, జోల్చు తల మీది ఉన్ని టోపీ సర్దుకుని చుట్టూ ఓసారి పరికించినట్టు తల తిప్పాడు, ఇది బాగా సాధన చేసిన విద్య, ఎవరైనా పలకరిస్తే గొంతు వినిపించిన వైపు వెంటనే తిరగకూడదు, తిరిగితే చెవులతో బతుకుతున్నాడని పట్టేస్తారు, కాస్త ఆగి, ఏదో కొండని చూస్తున్నవాడు అయిష్టంగా చూపు మళ్ళించుకున్నట్టు తిరగాలి, ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు, బురుల్ కూడా పట్టుకోలేదు, ఒకే దుప్పటి కింద పడుకునే పెళ్ళామే పట్టుకోలేనిది ఇంకెవడు పట్టుకుంటాడు, అదిగో జూరకాన్ అవ్వ వస్తోంది, కర్ర చప్పుడు, ఈ గుడారాలన్నిటికీ పెద్దది, పులిసిన గుర్రప్పాల కుమిస్ పోసుకునే తోలుసంచి ఖాళీ చేసుకుని ఒక్కొక్కరి ముందూ నిలబడి ఫోన్లు వసూలు చేస్తోంది, వెయ్యండర్రా వెయ్యండి, వెలుగున్న చోట తెల్లెముక దొరకదు, మా అత్త చెప్పింది, ఆవిడకి వాళ్ళత్త చెప్పింది, నువ్వేంట్రా చేతులు కట్టుకుని పెళ్ళికొడుకులా నించున్నావు, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ నన్నెవరూ చూడట్లేదనుకుంటుందట, నీ చొక్కా జేబు నీలంగా వెలిగిపోతోంది, తియ్యి బయటికి, అందరూ గొల్లుమన్నారు, జోల్చు కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా, ఆ నీలం వెలుగు ఎవరి జేబులో ఉందో చూసుకుని నవ్వినట్టు నవ్వాలి కదా, అవ్వ తన ముందు ఆగి నీదో అంది, నాకెందుకవ్వా ఫోను, నా దగ్గర లేదుగా, అంటే ఔనౌను, నీకెందుకులే అంది, ఆ గొంతులో ఏదో ఉంది, జలుబేమో, కొండ మీద రాత్రి చలి ముసలిదాని గొంతుకి పట్టి ఉంటుంది.

సంసాలి అన్న ఎక్కడున్నాడో తెలుసు, గుంజ దగ్గర, గుర్రాలు కట్టే గుంజ పక్కన జీను దించుకుని దాని మీద కూర్చుని ఉంటాడు, చీకట్లోకి విసిరిన తెల్లెముకని వెతికే ఈ ఆటకి అదే గట్టు, ఎముక దొరికినవాడు పరుగెత్తి వచ్చి ఆ గుంజని ముట్టుకోవాలి, దారిలో మిగతా వాళ్ళంతా మీదపడి లాక్కోవాలి, సంసాలి దగ్గాడు, ఆ దగ్గు ఈ రాత్రి తనకి దీపస్తంభం, అది ఆగకూడదు దేవుడా, ఈ రాత్రి మాత్రం ఆగకూడదు, ఎందుకంటే ఆట అయ్యాక విందు మాంసం దగ్గర సంసాలి చెబుతాడు, రేపు గుడారాలు విప్పాక అందరి మందలనీ కలిపి కనుమ దాటించి చలికాలపు మేతకి ఎవరు తోలుకెళ్ళాలో, ప్రతి ఏడూ అది చెప్పేదేముంది, జోల్చూ జీను బిగించు అనేవాడు, అంతే, అంతకు ముందు జోల్చు నాన్నని అలాగే అనేవాడు సంసాలి తండ్రి, ఈ ఏడు మాత్రం చూద్దాంలే తమ్ముడూ, ఆట అయ్యాక చూద్దాం అన్నాడు, చూద్దాం ఏమిటి, చూడ్డానికేముంది, మందలేని జోల్చు ఎవడు, ఏం చేస్తాడు, కింద ఊళ్ళో బడి గోడ పక్కన ఎండకి కూర్చునే ముసలాళ్ళ వరసలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతాడా, యాభై దాటి ఎన్నాళ్ళయిందని, అదంతా ఆ రాళ్ళవాలు దగ్గర జరిగిన దాని వల్ల, అది తోడేలు, తోడేలని చెప్పాడు తను, మునిమాపు వేళ మందని దింపుతుంటే ముందు నడిచే మేకపోతు ఉన్నట్టుండి నిలబడిపోయింది, మొండికేసిందనుకుని కర్రతో ఒక్కటేశాడు, రెండోది వేశాడు, అది పక్కకి దూకింది, వెనకొచ్చే గొర్రెలు మాత్రం తను తోలిన వైపే పోయాయి, రాళ్ళు జారిన చప్పుడు, తర్వాత ఆ అరుపులు, ఆ అరుపులు ఇప్పటికీ నిద్దట్లో వినిపిస్తాయి, తెల్లారి సంసాలి వచ్చి కింద పడున్న గొర్రెల మెడలు ఒక్కొక్కటీ తడిమి చూశాడు, పంటి గాటు ఒక్కటి లేదు, ఉండదు కదా, చేతులు గడ్డికి తుడుచుకుంటూ తోడేలే అయ్యుంటుంది తమ్ముడూ అన్నాడు, అమ్మయ్య నమ్మాడు అనుకున్నాడు జోల్చు, వెర్రి సంసాలి, మంచివాడు, ఏం చెప్పినా నమ్ముతాడు.

తెల్లెముక దొరికినవాడి మందలో తోడేలు పడదని ఈ కొండల్లో ఒక మాట ఉంది, నిజమో అబద్ధమో, మాటైతే ఉంది, దాన్ని ఎవరూ కాదనరు, ఈ రాత్రి ఎముక తనకి దొరకాలి, దొరికితే సంసాలి నోటి నుంచి ఇంకో పేరు రాదు, నిరుడు దొరికింది, ముందటేడూ దొరికింది, కళ్ళతో కాదు, ఎముక నేల మీద పడిన చప్పుడు పట్టుకుని పోయాడు, నిరుడైతే మరీ విచిత్రం, సరిగ్గా తన బూటు ముందే పడింది, అదృష్టం అంటే అదే, కింద పట్నంలో ఆ కళ్ళ డాక్టరమ్మకి ఏం తెలుసు అదృష్టం సంగతి, కంట్లోకి సూదిలాంటి వెలుగు పెట్టి చూసి, కంటి వెనక పొర ఎండిపోతోందయ్యా, రేచీకటితో మొదలవుతుంది, నెమ్మదిగా పగలు కూడా తినేస్తుంది అంది, మందేమిటంటే లేదంది, గొర్రె కార్జం తింటున్నానమ్మా పచ్చిగా, అంటే తినండి, ఒంటికి మంచిదే అంది, ఇంట్లో వాళ్ళకి చెప్పండి అంది, ఇంట్లో వాళ్ళకి చెప్పడమెందుకు, చెబితే పొర తడుస్తుందా, బస్సెక్కి వచ్చేశాడు, డాక్టరమ్మ ఏమందయ్యా అని బురుల్ అడిగితే ముసలితనమేనంది, కళ్ళజోడు పెట్టుకోమంది, నాకెందుకు జోడు అని తిట్టి వచ్చాను అన్నాడు, ఆ రాత్రి నుంచే అనుకుంటా బురుల్ కూనిరాగాలు మొదలెట్టింది, పాలు పితకడానికి వెళ్తూ ఒకటే ఊఁ ఊఁ అని, నీళ్ళకి వెళ్తూ అదే, పొద్దు వాలితే గుడారం గుమ్మం దగ్గర నిలబడి మరీ అదే రాగం, ఏమిటే ఆ రాగాలు, మళ్ళీ వయసొస్తోందా అని విసుక్కుంటే, నా నోరు నా ఇష్టం, నీ సొమ్మేం పోయింది అంది, పోలేదులే, ఒకందుకు మంచిదే, రాత్రిళ్ళు గుడారం ఎటుందో వెతుక్కోనక్కర్లేదు, ఆడదాని గొంతుకి అదో గుణం, గాలిలో కూడా నిలబడుతుంది.

చుక్కలు ఎలా ఉన్నాయో, ఎవరినీ అడగకూడదు, చంద్రుడు ఇంకా రాలేదని, చుక్కల వెలుగే చాలని కుర్రాళ్ళు అంటున్నారు, ఔను చాలు, అప్పట్లో అదే ఎక్కువ, చీకటి పడితే పండగ, చీకటి కోసం పొద్దున్నించీ ఎదురుచూసేవాళ్ళు, దీపం వెలిగించినవాడిని తిట్టి ఆర్పించేవాళ్ళు, గడ్డి మీద అప్పుడే మంచు దిగుతూ ఉండేది, పరుగెడుతుంటే బూట్ల కింద కొండవాము నలిగి ఘాటుగా వాసన, ఎవరో ఎవరి మీదో పడ్డం, ఎవరిదో చెయ్యి ఎవరి చేతికో దొరకడం, అది ఎముక కాదే నా ముక్కు అని ఎవడో అరవడం, ఎవరు ఎవరితో కలిసి ఎటు వెతుకుతున్నారో అడిగే హక్కు ఆ ఒక్క రాత్రీ ఏ తండ్రికీ ఉండేది కాదు, బురుల్ జడలకి వెండి బిళ్ళలు కట్టుకుని వచ్చింది, నడుస్తుంటే గలగల, నోరు ముయ్యమను నీ జడలని, మనం ఎటు పోతున్నామో లోకమంతా తెలిసిపోతోంది అన్నాడు జోల్చు, అది రెండు జడలూ పిడికిట్లో పట్టుకుని నోరు మూసుకుని నవ్వుతూ నడిచింది, అప్పుడు తన కళ్ళు కళ్ళు కావు, ఎముక గాలిలో ఉండగానే కనిపించేది, పడిన చోట గడ్డి మీద పాలచుక్కలా తెల్లగా, ముందే చూసేశాడు, చూసి కూడా అటు కాదు ఇటు కాదు అని గుట్ట చుట్టూ తిప్పాడు దాన్ని, తిప్పి తిప్పి చివరికి దాని చెయ్యి పట్టుకుని ఎముక మీద పెట్టాడు, ముందే చూశావు కదా దొంగా, పిల్లికళ్ళోడా అంది, ఆ పిలుపుతో పెళ్ళయిపోయినట్టే అనిపించింది, మర్నాడు జూరకాన్ అవ్వ పెట్టెలో పెట్టబోతుంటే అడిగి తీసుకుని ఎముక చివర కత్తితో నెలవంకలా చిన్న గాటు పెట్టాడు, గొర్రె కాలి ఎముకే, ఉడకబెట్టి ఎండబెట్టి ఉప్పుగల్లులా తెల్లబడ్డది, ఇప్పటికీ అదే ఎముక, అదే గాటు, గాటు పెట్టిననాటి కళ్ళే లేవు, గట్టిగా కాండ్రించి ఉమ్మాడు, పక్కనెవరో పెదనాన్నా చలేస్తోందా అన్నారు.

తురాత్, తమ్ముడి కొడుకు, తమ్ముడు మంచుపెళ్ళల కింద పోయాక ఈ ఇంట్లోనే పెరిగాడు, నా వెనక నడువు, నా అడుగులో అడుగు వెయ్యి అని కొండంతా తిప్పి నేర్పాడు వాడికి, ఇప్పుడు వాడే మందకి ఇంకో పేరు, పైకి ఎవరూ అనరు, కానీ ఇంకెవరున్నారు, చలేమీ లేదురా, పో నువ్వే కదా విసిరేది, పో, నదికేసి మాత్రం విసరకు అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు, నదికేసి ఎందుకు విసరకూడదు, హోరులో చప్పుడు వినపడదని కాక, సరే పెదనాన్నా అన్నాడు తురాత్, మారు మాట్లాడకుండా, ఎందుకని అడగకుండా, అందరూ వెనక్కి తిరగండర్రా, తొంగి చూసినవాడి కళ్ళు కాకులు పొడుస్తాయి అని అవ్వ అరిచింది, అందరితో పాటు జోల్చు కూడా వీపు తిప్పి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, నవ్వొచ్చింది, ఎంత నిజాయితీ, విసురుతున్నా అని కేక, గాలిలో చిన్న ఊపు, ఆ తర్వాత నది హోరు, గుర్రం ముక్కు చీదడం, ఎవడో దగ్గడం, ధప్, ఎక్కడ, కుడి వైపు, కాదు కుడికి కాస్త పైన, రాళ్ళ దగ్గర, ఆ చప్పుడు ఎముకదేనా, గుర్రం డెక్కదేమో, కాదు ఎముకదే, ఎముకదే కావాలి, అందరూ కేకలు పెడుతూ చీకట్లోకి పరుగు తీశారు, ఆడపిల్లలు తమ నవ్వుల్ని నాలుగు దిక్కులా మోసుకుపోయారు, ఎంత హాయిగా నవ్వుతున్నారు, ఎక్కడ అడుగు వేస్తున్నామో చూసుకోకుండా పడుతూ లేస్తూ, పడినా లేవచ్చని తెలిసినవాళ్ళకి చీకటి ఆట, తను అడుగు తర్వాత అడుగు, బొటనవేలితో ముందు నేలని అడిగి ఆ తర్వాత మడమ ఆనించి, రాళ్ళ వైపు.

ఎడమ వైపు నది దగ్గర బురుల్ పాట మొదలెట్టింది, ఇప్పుడేమిటే ఈ పాట, చెవి పెట్టనివ్వకుండా, ఊఁ ఊఁ అని అదే రాగం, కదలకుండా ఒక్కచోటే నిలబడి పాడుతోంది, వెతకరా బాబూ అంటే రాగాలు తీస్తుందేమిటి, వెళ్ళి అరవాలనిపించింది, వెళ్తే ఆ వైపు పోవాలి, తన చప్పుడు ఈ వైపు ఉంది, పాటకి వీపు పెట్టి రాళ్ళ వైపే పోయాడు, పాట కాస్త గట్టిపడింది, గాలి మళ్ళిందేమో, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఎవరైనా చూస్తే బూటు సర్దుకుంటున్నాడనుకుంటారు, చేతులతో గడ్డి దువ్వాడు, మంచు, ముల్లు, ఎండిన పేడ, రాయి, రాయి, గొంగళి పురుగు, చీ, రాయి, వెనక నవ్వులు తగ్గాయి, అదేమిటి ఇంత తొందరగా అలిసిపోయారా, ఈ కాలం కుర్రాళ్ళకి కాళ్ళలో సత్తువ లేదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పాకుతున్నాడు తను, అరిచేతుల్లో చర్మం లేచిపోతోంది, దొరకదు, దొరకదు, ఈ ఏడు దొరకదు, దొరక్కపోతే రేపు పొద్దున తురాత్ జీను బిగిస్తాడు, తను చెయ్యి ఊపుతూ నిలబడాలి, వాడు ఏ మలుపు దగ్గర కనుమరుగయ్యాడో తెలియక ఎంతసేపు ఊపాలో కూడా తెలియదు, ఎవరైనా ఇక చాలు అని భుజం తడితే గాని, అప్పుడు తగిలింది, వేళ్ళకి, రెండు రాళ్ళ సందులో, సన్నగా, చల్లగా, ఎముక.

ఎముక, ఎముకే, గుప్పిట్లో సరిపోయింది, బొటనవేలు గాటు కోసం వెతికింది, ఈ చివర లేదు, ఆ చివర గరుకుగా ఉంది, ఇదేనేమో, అరిగిపోయి ఉంటుంది, ఇన్నేళ్ళు ఎన్ని చేతులు పడ్డాయి, కత్తి గాటు అరగదా మరి, కాస్త మట్టి వాసన, ఇప్పుడే పడింది కదా మట్టి కాకపోతే ఏముంటుంది, ఈ మేత నిండా చలికి చచ్చిన గొర్రెల ఎముకలే అని మనసు ఏదో అనబోయింది, నోరు ముయ్యి అన్నాడు దానితో, లేచి నిలబడి గొంతు చించుకుని దొరికింది అని అరిచాడు, దొరికిందిరోయ్, కొండ ఆ మాటని అందుకుని తిప్పి చెప్పింది, పాట ఆగిపోయింది, సంసాలి దగ్గు ఎక్కడ, దగ్గన్నా దగ్గు, అదిగో దగ్గాడు, రెండు సార్లు, గట్టిగా, పరుగెత్తాడు జోల్చు, ఎముక గుండెకి అదిమి పట్టుకుని, తల వంచి, ఇప్పుడు మీదపడతారు, నడుం పట్టుకుంటారు, కాళ్ళు పట్టి లాగుతారు, రండర్రా చూసుకుందాం, వాళ్ళు రావాలి, అందులోనే ఉంది ఆట, ఒకప్పుడు నలుగురిని ఈడ్చుకుంటూ వచ్చి గుంజ ముట్టుకున్నాడు, చొక్కా చిరిగి ఒక చెయ్యి ఊడొచ్చింది, బురుల్ కుట్టిపెట్టింది, రండి, అడుగులు వినిపిస్తున్నాయి, అటూ ఇటూ, దగ్గరగానే, ఊపిరి కూడా వినిపిస్తోంది, ఎవరో కుమిస్ తాగిన ఊపిరి, ఒక్క చెయ్యి కూడా పడలేదు, ముందు నేల మీంచి ఏదో లాగిన చప్పుడు, జీను కాబోలు, ఇనప రికాబులు రాళ్ళకి తగిలి మోగాయి, తన దారిలోంచి ఎవరో జీను పక్కకి లాగారు, ఎందుకు లాగారు, కాలు మడత పడి తూలాడు, ఎవరూ నవ్వలేదు, పడితే నవ్వాలి కదా, ఈ ఆటలో పడినవాడిని చూసి నవ్వకపోతే తప్పు, లేచి పరుగెత్తాడు, గుంజ భుజానికి తగిలింది, కావిలించుకున్నాడు దాన్ని, అప్పుడు అందరూ కేకలు వేశారు, ఈలలు, చప్పట్లు, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ క్షణం గురించి ఆలోచించకూడదు, సంసాలి ఎముక అందుకున్నాడు, అతని బొటనవేలు ఎముక మీద రాసుకుంటున్న గరగర చప్పుడు ఇంత గోలలో కూడా వినిపించింది, ఆ తర్వాత ఇదే, ఇది కాక ఇంకేది, డేగకళ్ళురా నీవి తమ్ముడూ అన్నాడు, అవ్వ ఇలా తే నా పెట్టెలో పెట్టుకుంటా అని లాక్కుని తోలుసంచిలో ఫోన్ల మధ్య పడేసింది, పెట్టెలో పెట్టే ఎముకని ఎప్పుడూ కొంగుతో తుడిచి ముద్దు పెట్టుకుని పెట్టేది, ఈసారి తుడవలేదు, పొయ్యి మీద బూడిద తీశారు, ఎర్రటి మరక ఒకటి కళ్ళలో లేచింది, దాని చుట్టూ ఏమీ లేదు, జోల్చుని తీసుకెళ్ళి గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే పై చోట కూర్చోబెట్టారు, దుప్పటి మడత పెట్టి మరీ, మాంసం వాసన, ఉల్లి వాసన, ముందు పళ్ళెం పెట్టిన చప్పుడు, ఆవిరి మొహానికి తగిలింది, చెయ్యి చాపాడు, తగిలింది ఊరికే మాంసం ముక్క కాదు, గొర్రె తల, తల తన ముందు పెట్టారు, తల ఎప్పుడూ సంసాలి ముందు పెడతారు, అందరికంటే పెద్దవాడి ముందు, ఇక జీను ఎక్కనివాడి ముందు, పరుగులు చాలించి కూర్చుని దీవించేవాడి ముందు, ఏమిటన్నా ఇది, నాకెందుకు తల, నీ ముందు పెట్టుకో అంటే, తెల్లెముక దొరికినవాడివి, నీకు కాక ఎవరికి పెడతాం అన్నాడు సంసాలి, రేపు మందని తురాత్ తోలుకెళ్తాడు తమ్ముడూ, నువ్వు నీ చేత్తో దీవించి పంపు, నువ్వు మాతో పాటు లారీలో కిందికి దిగు, గుడారం కర్రలు కట్టించాలి, ఆడవాళ్ళకి తోడుండాలి, మెత్తగా చెప్పాడు, గుర్రం పిల్లకి మొదటిసారి కళ్ళెం వేసేవాడి గొంతులా ఉంది, కానీ ఎముక నాకే దొరికింది కదా అన్నాడు జోల్చు, చిన్నపిల్లాడిలా వచ్చింది మాట, సిగ్గేసింది, అందుకే కదా తమ్ముడూ తల నీ ముందు పెట్టింది అన్నాడు సంసాలి, పొయ్యిలో పిడక ఒకటి విరిగింది.

బురుల్ వచ్చి పక్కన కూర్చుంది, దాని ఒంటికి నది వాసన, తడి గడ్డి వాసన, చలికోటు అంచు తన మోకాలికి తగిలింది, కోటు జేబులో గట్టిగా ఏదో ఉంది, తనకి తెలియకుండానే చెయ్యి దాని మీద పడింది, పొడుగ్గా, గుప్పిట్లో సరిపోయేంత, బట్ట మీంచే బొటనవేలు చివరిదాకా పోయింది, చివర నెలవంక, గాటు అరగలేదు, నిన్న పెట్టినట్టే ఉంది, బురుల్ కదల్లేదు, వద్దన్నా ఎముక నదికేసే పోయి పడ్డట్టుంది, అందుకే నది దగ్గర ఒక్కచోటే నిలబడి పాడింది, ఎముక పక్కనే నిలబడి, ఇటు రావయ్యా ఇటు రా అని, తను దానికి వీపు పెట్టి పోయాడు, ఈ ఒక్క రాత్రే కాదు, పాలు పితికేటప్పుడు, నీళ్ళకి వెళ్ళేటప్పుడు, గుమ్మం దగ్గర, ఏడాదిగా ఇటు రావయ్యా అంటూనే ఉంది, గుడారం నుంచి గుర్రాల దాకా తాడు కట్టించింది దుప్పట్లు ఆరేసుకోవాలని, దాని మీద ఒక్క దుప్పటీ ఎన్నడూ లేదు, తురాత్ గుమ్మం ముందు వరసగా రాళ్ళు పేర్చాడు అందంగా ఉంటుందని, వాడికి అందం ఎప్పటినుంచి, నిరుడు ఎముక వచ్చి బూటు ముందే పడింది, అదృష్టం, గురి చూసి విసిరిన అదృష్టం, సంసాలి గొర్రెల మెడలు తడిమి పంటి గాటు లేకపోయినా తోడేలే అన్నాడు, నీకెందుకులే ఫోను అంది అవ్వ, ఎవడికి తెలియదు ఇక, ఆ నీలం జేబు కుర్రాడికి కూడా తెలుసు.

చెవి కోసి పిల్లలకియ్యి పెదనాన్నా, కన్ను నీకు కావాల్సిన వాళ్ళకియ్యి, ఆకలేస్తోంది, తొందరగా కానియ్యి అన్నాడు తురాత్, నవ్వుతూ, నవ్వు బాగా తెచ్చిపెట్టుకున్నాడు వెధవ, తన దగ్గరే నేర్చుకున్నాడు, తల ఎవరి ముందు ఉంటే వాళ్ళే పంచాలి, గొర్రె కన్ను ఎవరికిస్తే వాళ్ళు ఎప్పుడూ కళ్ళముందు ఉంటారట, కత్తి తీశాడు, చెవి తేలికే, చేతికి అందుతుంది, కోశాడు, కన్ను కోసం వేలు పెట్టాడు, దవడ తగిలింది, కాదు, ఇటు, పళ్ళు తగిలాయి, అందరూ మాట్లాడుకుంటున్నారు, వానల గురించి, లారీ అద్దె గురించి, ఎవరూ ఇటు చూడనట్టు గట్టిగా మాట్లాడుకుంటున్నారు, అప్పుడు పళ్ళెం కదిలింది, తన చేతి కింద, చప్పుడు కాకుండా, ఎవరో ఒక్క వేలితో నెమ్మదిగా తిప్పారు, కన్ను వచ్చి తన కత్తి మొన కింద నిలబడింది, జోల్చు కత్తి ఆపాడు, తెలుసు నాకు అని అరవాలి, మీకందరికీ తెలుసని నాకు తెలుసు, తీసుకుపోండి మీ తల, అరిస్తే ఏమవుతుంది, బురుల్ పాట ఆపేస్తుంది, తాడు విప్పేస్తారు, ఇంతమంది ఇన్నాళ్ళు పడ్డ కష్టం ఒక్క మాటతో నేలపాలవుతుంది, పాపం ఎంత కష్టపడ్డారు, పడుతున్నవాడిని చూసి నవ్వకుండా ఉండడం కుర్రాళ్ళకి ఎంత కష్టం, కన్ను కోసి అరిచేతిలో పెట్టుకుని తురాత్ గొంతు వినిపించిన వైపు చాపాడు, ఆగి, కాస్త ఆలస్యంగా, ఎప్పటిలాగే, ఇందరా, కనుమ దగ్గర ముందు నడిచే మేకపోతు ఆగితే నువ్వూ ఆగు, కొట్టకు అన్నాడు, తురాత్ రెండు చేతులతో అందుకున్నాడు, బురుల్ తలకాయ మాంసం చిన్న ముక్క చేసి తన చేతిలో పెట్టింది, నమిలాడు, ఉప్పు సరిపోయిందా అని అడిగింది, సరిపోయిందన్నాడు, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట, పాలు పోసినవాళ్ళంతా చుట్టూ కూర్చునే ఉన్నారు, ఇక అది కళ్ళు తెరవకూడదు, బతికున్నన్నాళ్ళూ తాగుతూనే ఉండాలి.